దిగొచ్చినోడు

ఆర్గాన్ బుడగలు ఆపమన్నాను.
ద్రావణం నిలకడయ్యేదాకా బల్ల కదపొద్దన్నాను.
కార్తీకం ముసురు. ల్యాబు కిటికీలో కొండ లేదు,
కొండ ఉండాల్సిన చోట తెల్లటి తేమ.

నాదముని మీట నొక్కాడు.
తెరమీద గీత ఎక్కింది, శిఖరం తాకింది,
తిరిగొచ్చేటప్పుడు మాత్రం
గుంట పడాల్సిన చోట పడలేదు.
ఏమీ ఎరగనట్టు చదునుగా వెళ్ళిపోయింది.

"తప్పొచ్చింది మేడమ్, మళ్ళీ తీస్తా."
కాగితం అప్పుడే ఉండ చుట్టేశాడు.
మూడు రాత్రులు కంప్యూటరు లెక్క కట్టి
మాంగనీసు మీంచి ఒక ఎలక్ట్రాన్ ఊడదీసి
ఎన్ని వోల్టులకు పోతుందో, మళ్ళీ ఎక్కడ చేరుతుందో
దశాంశాలతో సహా చెప్పింది.
కాబట్టి తప్పు గీతదే.

"ముందు ఫెర్రోసీన్ వేసి చూడు."
అది బుద్ధిగా పోయింది, బుద్ధిగా వచ్చింది.
ఎలక్ట్రోడు మంచిదే. తీగలు మంచివే.

"వేగం పెంచు."
సెకనుకి నూరు మిల్లీవోల్టులు. ఐదొందలు. రెండు వేలు.
రెండు వేల దగ్గర, ఆ చదును మీద,
పచ్చి అప్పడం అంచున వేలు ఆనినంత నొక్కు.

రెడ్డిరాణి అప్పటిదాకా నోరు విప్పలేదు.
పీలేరు పిల్ల. వాళ్ళ నాయన కొండకి జీపు తోల్తాడు.
"మేడమ్, ఎక్కే రోడ్డు వేరే, దిగే రోడ్డు వేరే గదా.
పైకి పోయినోడు జుట్టుతో పోయినాడు,
ఆడ గుండు చేయించుకోని దిగొచ్చినాడు.
మనం గేటుకాడ నిలబడుకోని
జుట్టోడు రాలేదే, రాలేదే అని చూస్తా వుండాం.
బిర్రున పోయి బిర్రున తిప్పుకోనొస్తే
క్షవరానికి టైము చాల్లేదు, అంతే."

అందరూ నవ్వారు.
నేను మొదటి గీతని మళ్ళీ తెరమీదికి తెచ్చాను.
శిఖరానికి చాలా దిగువన, ఎవరూ చూడని చోట,
చిన్న గుంట ఒకటి
మొదట్నుంచీ అక్కడే ఉంది.

ఎలక్ట్రాన్ పోగానే కార్బొనిల్ ఒకటి ఊడిపోయిందేమో.
ఆ ఖాళీలో అసిటోనైట్రైల్ వచ్చి కూర్చుందేమో.
కంప్యూటరు అబద్ధం ఆడలేదు.
మనం గీసిచ్చిన మనిషి గురించే చెప్పింది,
జుట్టున్నవాడి గురించి.

నాదముని మళ్ళీ కూర్చున్నాడు,
బొమ్మలో ఒక కార్బొనిల్ తుడిచి, నైట్రైల్ అతికించాడు.
కరెంటు పోకుంటే ఎల్లుండికి సంఖ్య వస్తుంది.

"దగ్గరగా వస్తే గంతులెయ్యొద్దు" అన్నాను.
"ఒక్క సాక్షితో తీర్పు రాయం.
ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా పిలిచి అడగాలి."

ఉండ విప్పి, ముడతలు అరచేత్తో సాపు చేసి
నోటుబుక్కులో అంటించాడు.
కింద 'తప్పు' అని రాసి, కొట్టేసి,
తేదీ మాత్రం ఉంచాడు.

వాళ్ళకి చెప్పలేదు గాని,
వాళ్ళ వయసులో నేను
మూడు నెలల గీతలు చింపి పారేశాను.
వాటిలో ఎందరు
గుండుతో దిగొచ్చారో.