తారీఖు లేని ముద్ర

ఇరవయ్యారేళ్లు ఉదయగిరి పోస్టాఫీసులో
నా కుడిచెయ్యి ఎరిగిన పని రెండే దెబ్బలు.
ఒకటి సిరా మెత్త మీద, ఒకటి కాగితం మీద.
దబ్, దబ్.
రిటైరైనాక కూడా రాత్రిళ్లు నిద్రలో
మంచం పట్టె మీద కొడతానే ఉందంట.
మా ఆయన దిండు చంకన పెట్టుకోని
వరండాలోకి కాపరం మార్చినాడు.

ఆత్మకూరు డాక్టరు మణికట్టు నొక్కి చూసి
"చేతికి ఏదన్నా చిన్న పని చెప్పమ్మా" అన్నాడు.
ఏం చెప్పేది?
పూలు కట్టడం దానికి రాదు.
ముగ్గేస్తే చుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి పారిపోతాయి.

కొండకింద వీధిలో గరిటెలు చెక్కే మస్తాన్‌బీ
నర్ది చెక్క తునకొకటి నా ఒళ్లో పడేసింది.
"అన్నేళ్లు సీలు కొట్టినావు,
ఒక సీలు చేసుకోలేవా ఎమ్మే?"

తెగిపోయిన హవాయి చెప్పు ఉంది ఇంట్లో.
మడమ కాడ అరిగినా ముందుభాగం మందంగానే ఉంది.
సగం బ్లేడుతో దాని మీద 'క' చెక్కినా.
సైకిలు షాపు సొల్యూషన్‌తో చెక్కకి అంటించి
సిరాలో అద్ది, పాత క్యాలెండరు వెనక నొక్కితే
'క' అటు తిరిగి పడింది,
అలిగిన పిల్ల గోడకి మొహం పెట్టినట్టు.

ఇరవయ్యారేళ్లు.
సీలు అడుగున అక్షరాలు ఎట్టుంటాయో
ఒక్కనాడు తిప్పి చూసుకోలేదు నేను.

తర్వాత వేపాకు చెక్కినా.
ఆకుకి కుడీ ఎడమా పట్టింపు లేదు.
వంద ఆకులు కొట్టినా ఆ పూట.
ఒకటి ముదురు, ఒకటి లేత,
సిరా అయిపోయే కొద్దీ పండుటాకులు.
ఒక్కదాని మీదా తారీఖు లేదు.

రబ్బరు చెక్కేటప్పుడల్లా
దుత్తలూరు మాల్యాద్రి గుర్తొస్తాడు.
కూతురికి రాయించి పంపిన ఉత్తరం తిరిగొస్తే
కౌంటరు ముందు నిలబడి
ఊదారంగు ముద్ర మీద వేలు పెట్టి అడిగినాడు:
"ఇదేంది తల్లే, పూవా?"
'చిరునామాదారు లేరు' అని ఉంది దాంట్లో.
అది నేను కొట్టింది కాదు.
అట్టాంటివి నేనూ వందలు కొట్టినా.
"ఆ, పూవే" అన్నా.
వెనక జనం ఉన్నారు ఆ రోజు.

పూవు చెక్కుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో.
నాలుగు జతల చెప్పులు పాడైనాయి.
ఇప్పటికీ నాకు పూవు రాదు.

కాకి వచ్చింది, అడక్కుండానే.
మేనల్లుడి పెళ్లి కార్డు వెనక తెల్లటి చోటు కత్తిరించి,
మైదా జిగురుతో చీరల డబ్బా అట్ట మీద అతికించి,
అంచుకి జరీ కాగితం పట్టీ వేసి,
నడిమధ్య కాకి.
ముక్కు కాస్త పెద్దది. కాకే, చిలక కాదు,
చూసినోళ్లు తప్పు చెప్పకుండా ఉంటే చాలు.

రెండు వీధుల అవతలుండే మస్తాన్‌బీకే పోస్టు చేసినా.
అందరూ నవ్వినారు.
నడిచిపోయి ఇచ్చే దానికి స్టాంపు ఎందుకని.
ఎందుకో నాకూ తెలీదు.
డబ్బాలో పడిన చప్పుడు విని
కాసేపు అక్కడే నిలబడినా.

నా కుర్చీలో ఇప్పుడు కూర్చునే కుర్రోడు
స్టాంపు మీద కొట్టాల్సిన దెబ్బ
తొందరలో సరిగ్గా కాకి నెత్తిన కొట్టినాడు.
మస్తాన్‌బీ కార్డు పట్టుకోని వచ్చింది:
"కాకికి టోపీ పెట్టి పంపినావే!"

కళ్లద్దాలు తుడుచుకోని చూసినా.
గుండ్రటి ముద్ర. ఊరి పేరు.
పేరులో మొదటి అక్షరం సగమే పడింది.
ఆ అంచు అరిగిపోయి చాన్నాళ్లయింది.
అరగదీసింది ఈ చెయ్యే.