మూలశంక

పర్లాకిమిడి నుంచి గుణుపురానికి రోజుకి నాలుగు ట్రిప్పులు.
ఇంజను పక్క సీటు పెనంలా కాలేది.
దాని మీద పందొమ్మిదేళ్ళు
నన్ను నేనే వేపుకున్నాను.

నెత్తురు మొదటిసారి చూసినప్పుడు
ముందురోజు తిన్న మిరపకాయ బజ్జీని తిట్టాను.
రెండోసారి నా జాతకాన్ని.
మూడోసారి ఎవర్నీ తిట్టలేదు,
తువ్వాలు నాలుగు మడతలేసి సీటు మీద పరిచాను.

మూలశంక అనేవారు మా తాతలు.
శంకే మరి.
ఎవరికి చెప్పను, ఎలా కూర్చుని చెప్పను?

కండక్టర్ కూర్మయ్య పసిగట్టేశాడు:
"నిలబడి టీ తాగే డ్రైవర్ని నిన్నే సూసాను."
రైలుగేటు గోడ మీది పోస్టరు వైపు మాత్రం పోవద్దన్నాడు.
కోత లేదు, కుట్టు లేదు, ఒక్క సూది, గ్యారంటీ.
ఆ సూది వాళ్ళ బావమరిదిని
నెల్లాళ్ళు బోర్లా పడుకోబెట్టిందట.

సంతలో సవర ముసలామె కందగడ్డ తూచింది.
ఎవరికని అడగలేదు.
మజ్జిగతో అని సైగ చేసింది.

ఆఖరికి పెద్దాసుపత్రి. డాక్టరమ్మ ఒడియా.
ఒడియాలో నాకు చిల్లర వచ్చు, దిగండి వచ్చు,
ఈ మాట రాదు.
"మొలలు" అన్నాను.
"అర్శ?" అంది.
అర్శే!
ఆ మాటని ఏ చెక్‌పోస్టులోనూ ఎవరూ ఆపలేదు.

గోడవైపు తిరిగి పడుకోమంది.
గోడకి కేలండరు, కేలండర్లో జగన్నాథుడు,
రెప్పల్లేని అంతేసి కళ్ళు.
నావి నేను మూసుకున్నాను.

కత్తి ఇంకా అక్కర్లేదంది.
చోడి అంబలి, ఆకుకూర, మూడు సీసాల నీళ్ళు.
ముక్కొద్దు. దొడ్లో సెల్‌ఫోను వద్దు.
పొద్దూ మాపూ గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పావుగంట.
తగ్గకపోతే చిన్న రబ్బరు బ్యాండు,
మొల దానంతటదే ఎండి రాలుతుంది.
ఆపరేషను మాట ఆ తర్వాత.
యాభై దాటావు కదా,
నెత్తురు మొలలదేనా అని గొట్టం వేసి ఒకసారి చూడాలి.

మూడు సీసాలు!
కాశీనగరం దాకా బస్సు ఆపే చోటేదమ్మా అని
ఒడియాలో అడగడం రాలేదు.

నీలం టబ్బు నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్ళాను.
తవిటమ్మ నవ్వలేదు.
తలుపు వెనక నుంచి ఇంకోటి లాగింది,
పాతది, అంచు విరిగింది.
"సిన్నోడు పుట్టిన కాణ్ణుంచి" అంది.

చిన్నోడికి పద్నాలుగేళ్ళు.
ఆ వేణ్ణీళ్ళు మోకాళ్ళకనుకున్నాను.

గురువారం ఓపీలో రెండు చీటీలు తీశాను.
రెండోది ఎవరికన్నాడు కూర్మయ్య.
చెప్పలేదు, పక్కన బెంచీ చూపించి కూర్చోమన్నాను.
బావమరిది కబురేదో ఎత్తుకున్నాడు గానీ
కూర్చోలేదు.