నాలుగు టన్నులు

రాత్రి రెండింటికి రమ్మన్నారు.
పగలైతే ముసలాళ్లు పూలు పట్టుకొస్తారని భయం.
తాష్కెంట్‌లో మార్చి నెల,
వీధి కాలవల్లో కొత్త నీళ్ల చప్పుడు,
నా క్రేను కొక్కేనికి జనరల్ కుచ్కార్ బెక్‌మురదోవ్.

చంకల కింద బెల్టులు బిగించాను,
స్నానానికి మొరాయించే పిల్లాణ్ణి పట్టుకున్నట్టు.
లేచాడు.
బూట్ల కింద అంతా బోలు.
టార్చి వేస్తే లోపల పిచ్చుక గూడు,
పోతపనివాడెవడో సుద్దతో వేసుకున్న కూడిక.

మా ఇంట్లో గోడకి ఒక రొట్టె వేలాడుతుంది.
యుద్ధానికి పోయేవాడు ఒక్క ముక్క కొరికి పోవాలి,
మిగతాది తినడానికైనా తిరిగొస్తాడని.
తాత కొరికింది నలభై రెండులో.
పంటిగాట్ల మధ్య ఒక సందు:
గాడిద తన్నితే ఊడిన పన్ను.
రొట్టె ఎప్పుడో రాయైపోయింది.
సందు అలాగే ఉంది.

నీపర్ నది దాటమన్నది ఈయనే.
పడవల్లేవు. తెల్లారకముందే,
తలుపు చెక్కలూ ఖాళీ పీపాలూ పట్టుకుని.
దాటినవాళ్లకి పతకాలు,
ఈయనకి ఈ కంచు.

నలభై ఏడులో మా గుమ్మంలోకి వచ్చాడట,
ఒక్కడే, నడిచి, భుజాల మీద నక్షత్రాలేవీ లేకుండా.
నాయనమ్మ టీ నిండా పోసింది.
మా దగ్గర అతిథికి సగం గిన్నే పోస్తాం.
నిండుగా పోస్తే తాగి లేవమని అర్థం.

లేవలేదు.
జేబులోంచి నోటుబుక్కు తీశాడు.
తాత పేరుంది, రష్యన్ అక్షరాల్లో, తప్పుగా.
"తుర్గునోవ్ కాదు," అంది నాయనమ్మ.
"తుర్గున్‌బాయ్. నార్మత్ కొడుకు."
కొట్టేశాడు. పక్కన పాత లిపిలో
కుడి నుంచి ఎడమకి మళ్లీ రాశాడు.
ఆ రోజుల్లో ఆ లిపి జేబులో దొరికితే
ఉద్యోగమే కాదు, మనిషీ పోయేవాడు.
చిన్నప్పుడు ఓ ముసలమ్మ తలుపేసుకుని నేర్పింది,
నాయనమ్మకి చదవొచ్చిన లిపి అదొక్కటే.
వేలు పెట్టి చదువుకుంది.

ఆయన క్షమించమనలేదు.
ఈవిడ క్షమించనూ లేదు.
గిన్నె మాత్రం మళ్లీ అందుకుని
ఈసారి సగం పోసింది.

లారీలో వెల్లకిలా పడుకోబెట్టాను.
ఎక్కడికని అడిగితే "గోదాముకి" అన్నారు,
ఏ గోదామో చెప్పలేదు.
పిచ్చుక గూడు తీసి టోపీలో పెట్టుకుంటే
ఆఫీసరు వాచీ చూసుకుంటూ నవ్వాడు.

తెల్లారి ఇంటికెళ్లాను, చేతుల నిండా సుద్ద.
నాయనమ్మ రొట్టె మీది దుమ్ము దులుపుతోంది.
తిరగకుండానే అడిగింది,
"ఎంత బరువున్నాడు?"
"నాలుగు టన్నులు."

"అంతేనా," అంది.