ఇరవై సెకన్లు

పదకొండేళ్లుగా మా రేడియోలో
ఎవరూ దేన్నీ అమ్మలేదు.
ఆటుపోట్ల వేళలు, తప్పిపోయిన పంది ఆనవాళ్లు,
"ఎల్విరా, పడవ గురువారం వస్తుంది,
బంగాళాదుంపలు తవ్వి ఉంచు" —
చీలే దక్షిణాన, వాన తెరిపివ్వని ఈ దీవిలో
మేం చదివిందంతా ఇంతే.

ఈ చలికాలం డీజిల్ బాకీ
యాంటెనా కన్నా ఎత్తు పెరిగింది.
నావెల్కీన్ టోపీ చేతుల్లో తిప్పుతూ అన్నాడు:
"రోజుకు ఇరవై సెకన్లు. ఒక్క కొట్టు."
వద్దంటూ లేచిన చేతుల్లో
చందా ఇచ్చిన చెయ్యి ఒక్కటీ లేదు.
నేను ఎటూ ఎత్తలేదు.

మొదటి ప్రకటన నా వంతుకే వచ్చింది.
కాస్త్రోలో ఓయార్సో కొట్టు:
తాళ్లు, పడవ రంగులు, వానబూట్లు.
చదువుతుంటే గొంతు ఎప్పుడు తేనె పూసుకుందో
నాకే తెలీలేదు.

మర్నాడు గుమ్మంలో జెనోవేవా ముసలమ్మ,
తడిసిన రుమాల్లో చిల్లర మూట.
"కంచె గొడవైనప్పట్నుంచీ, తొమ్మిదేళ్లుగా
మా చెల్లికి నా కబురు చదువుతున్నావు,
పంది కబురు చదివినట్టే.
ఈసారి ఆ బూట్ల గొంతుతో చదువు.
ఎంతవుతుంది?"

నాకు మాట రాలేదు.
చిల్లర ఆమె గుప్పిట్లోనే పెట్టి మూశాను.

సాయంత్రం, గోడవతల
ఓయార్సో డీజిల్ దడదడలాడుతుండగా
నీళ్లు తాగాను, రెండుసార్లు దగ్గాను,
మైకు దగ్గరికి జరిగాను:

"క్లెమెన్సియా,
మొన్నటి గాలికి కంచె పడిపోయింది.
మళ్లీ కట్టించడం లేదు."