మూడో కౌంటర్

బెండిగోలో మంగళవారం, జల్లు.
నోరీన్ ఎప్పుడూ పిల్లి తిండీ, పాలూ,
ఒకే ఒక టమాటా కొంటుంది.
ఇవాళ బెల్టు మీద పాల పక్కన
ఐదువందల డాలర్ల గిఫ్టు కార్డులు, ఆరు.

"ఎవరికి?" అన్నాను.
"మనవడికి" అంది,
అప్పజెప్పిన పాఠంలా.
పిల్లల్లేరని పోయిన చలికాలం
తనే చెప్పింది నాకు.

కోటు జేబులో ఫోను వెలుగుతోంది.
పెట్టెయ్యొద్దన్నారట.
ఎవరికీ చెప్పొద్దన్నారట.
బ్యాంకులోనే దొంగలున్నారట,
వాళ్ళని పట్టుకోడానికే ఈ కార్డులట.

మేనేజరు అతికించిన హెచ్చరిక కాగితం
కౌంటరు అంచున చుట్టుకుపోయి ఉంది.
రోజుకి మూడొందలమంది
దాని మీదే సంచి పెడతారు.

జేబులోంచి గొంతు: "మేడమ్? మేడమ్?"
ఆ డకారం నేనెరుగుదును.
దాని వెనకాల, దూరంగా, ఇంకెవరో
"ఒరే, టీ చల్లారిపోతోంది" అన్నారు.

తెలుగు.
మూడేళ్ళుగా ఈ ఊళ్ళో
నా ఫోన్లో తప్ప వినని భాష
ఒక ముసలావిడ జేబులోంచి వస్తోంది.

సిగ్గేసింది, ఎవరి బదులో తెలీదు.
ఫోను అడిగి తీసుకున్నాను.
"తాగు బాబూ," అన్నాను,
"నిజంగానే చల్లారిపోతుంది."

అవతల ఊపిరి ఆగింది.
తర్వాత లైను.

కార్డులు ఆరూ తిరిగి కొక్కేలకి.
ఆ కాగితం పీకి, వాటి పక్కనే,
సరిగ్గా ఆవిడ కళ్ళ ఎత్తులో.

"ఏమన్నావు వాడితో? ఏ భాష అది?"
క్యూలో ఎవరో దగ్గారు.

"నాదే" అన్నాను,
పాలకి బిల్లు వేస్తూ.