నూట పదహారు గుర్రాలు

బానెట్ కింద నూట పదహారు గుర్రాలు,
ఎవరో పెళ్ళిలో చదివించినట్టు, లెక్కకు సరిగ్గా.
నోట్లో మాత్రం ఉమ్మి చుక్క లేదు.
గోడల మీద దేవుళ్ళ టైల్స్ అతికించినా
ఆగకుండా ఉమ్మే ఈ పట్నంలో
ఉమ్మడం చేతగానిది నా కారొక్కటే.

ముప్పై ఏళ్ల బండి. రెండే సీట్లు.
దానిమ్మ గింజ రంగు ఎండకి వెలిసి
జామపండు లోపలి రంగుకి దిగింది.
మారేడుపల్లి పళ్ళ డాక్టరు అమ్మేటప్పుడు
అన్నీ చెప్పాడు, ఈ సంగతి తప్ప.
అడిగితే, "వానలో ఎలాగూ తియ్యరుగా" అన్నాడు.
వాన కాదు డాక్టరుగారూ, దుమ్ము.
స్తంభాలు లేచి, వంతెన రాని
ఉప్పల్ దారిలో, పొద్దున ఎనిమిదింటి ఎదురెండలో
అద్దం నిండా మజ్జిగ.
మీట లాగితే
గొంతు సవరించుకున్న చప్పుడైనా లేదు.

ఆదివారం ముందు చక్రం విప్పి,
ప్లాస్టిక్ రెక్క వంచి, భుజం దాకా దూరాను.
ఇరవై రెండేళ్ళు మీటర్ల సెక్షన్‌లో చేసినదాన్ని,
ముందు మల్టీమీటరే పెట్టాను.
పన్నెండు వోల్టులూ వస్తున్నాయి.
అంటే జీతం పడుతోంది,
మనిషే సీట్లో లేడు.
మా ఆఫీసులో ఇలాంటి కేసులు మూడు చూశాను.

లాగితే వచ్చింది చింతకాయంత పంపు,
మూతి నిండా తెల్లటి గార.
మా హబ్సిగూడ బోరు నీళ్ళు!
గీజర్‌ని తిన్నాయి, కుళాయిల్ని తిన్నాయి,
నా జుట్టు సగం తిన్నాయి.
రాత్రంతా నిమ్మ ఉప్పులో నానబెట్టాను.
తెల్లారి ఒక్కసారి గిర్రున తిరిగి
అదే ఆఖరు.

పుత్లీబౌలిలో షుజాత్ భాయ్
దాన్ని అరచేతిలో పెట్టుకుని, పిచ్చుకను చూసినట్టు చూసి,
"గీ మాల్ బందయి ఇర్వై ఏండ్లాయె అమ్మా" అన్నాడు.
అని, డబ్బాలో చెయ్యి పెట్టి
పాత మారుతీ వ్యాను పంపు తీశాడు.
కూరగాయలు మోసిన బండిది,
బడి పిల్లల్ని పదకొండు మందిని కుక్కుకున్న బండిది.
నా నూట పదహారు గుర్రాలకి
దాని నోరు అప్పు.

రంధ్రం పెద్దది, పంపు మెడ సన్నం.
సైకిల్ ట్యూబు ఉంగరంలా కోసి తొడిగాను.
తీగలు తారుమారై మొదట ఉత్తి గాలి గురక.
మళ్ళీ విప్పి, మళ్ళీ కలిపి, మీట లాగితే
ధార అద్దం దాటి, కారు దాటి,
వెనక పేపరు చదువుతున్న వాచ్‌మన్ బాలనర్సు మీద.
"ఉచ్చ పోసిందమ్మా!" అని అరిచాడు,
అంత ఆనందంగా ఎప్పుడూ అరవలేదు.

మంగళవారం. ఉప్పల్ చౌరస్తా.
ఎర్ర లైటు, ఇంకా నూట నలభై సెకన్లు.
సీసా, గుడ్డతో ఆ పిల్లగాడు
(ఆర్నెల్లుగా పది రూపాయలకి నా అద్దం తుడిచేవాడు)
వస్తుంటే సిగ్గేసింది,
రెడీమేడ్ జాకెట్టు వేసుకుని
పాత టైలరుకి ఎదురుపడ్డట్టు.
అయినా లాగాను మీట. చూపించుకోవాలిగా.

కుడివైపు చిమ్మింది.
ఎడమవైపు చెమ్మ కూడా లేదు.
వాడు వంగి చూసి,
"ఒక్క కన్నే ఏడుస్తుంది మేడం" అని
చొక్కాకి బొత్తం బదులున్న పిన్నీసు తీసి
సన్న రంధ్రంలో పొడిచి, ఊది,
"ఇప్పుడు కొట్టు" అన్నాడు.

రెండు ధారలు.
దుమ్ము కాలవలు కట్టి దిగింది.
ఒక చేత్తో చొక్కా కలిపి పట్టుకుని
ఇంకో చెయ్యి చాపాడు.
"పది."
"తుడవలేదుగా?"
"రిపేరు."
ఇరవై ఇచ్చాను. చిల్లర లేదన్నాడు.
పచ్చ లైటు, వెనక బస్సు హారను.

వైపర్ వెయ్యడం మరిచి
మొదటి స్తంభం దాకా
కరిగిపోతున్న ఉప్పల్‌లోంచే నడిపాను.
అప్పుడు కనిపించింది,
అద్దం కింద జాలీలో ఇరుక్కుని,
నోరు తెరిచి, వాడి పిన్నీసు.

రేపు ఇచ్చెయ్యాలి.