దూలానికి కట్టిన తాడు

రా నికాసియా, చెప్పులు అక్కడే వదిలెయ్.
జడలు నేను విప్పుతాను.
నడుముకి చుట్టిన దట్టీ ముడి, గంప మూతి ముడి,
నీ మొగుడి బూటు లేసులు కూడా.
బిగించి ఉన్నదేదీ ఈ గదిలో ఉండకూడదు,
దూలానికి వేలాడే ఆ తాడు తప్ప.
అది నీది.

గోడమీద బొమ్మలున్నాయి చూడు,
లీమా నుంచి వచ్చిన నర్సమ్మ యెసేనియా అంటించింది.
ఒకటో దశ, రెండో దశ, మూడో దశ,
పక్కన గంటలు, సెంటీమీటర్లు.
తప్పని అనను. మంచి పిల్ల, చేతులు బాగా కడుగుతుంది.
కానీ నీ కడుపులో బిడ్డకి చదువు రాదు.

ముందు నడుంలో మొదలవుతుంది,
దుంపలు తవ్విన రోజు సాయంత్రం లాగే.
ఇంతేనా అనుకుంటావు. వేయించిన మొక్కజొన్న నములుతూ నవ్వుతావు.
తెయోఫిలో మాటిమాటికీ గడియారం చూస్తాడు.
చూడనీ. మగవాడి చేతికి ఏదో ఒక పని ఉండాలి.

తర్వాత నవ్వు ఆగిపోతుంది.
నొప్పి కొండెక్కినట్టు ఎక్కుతుంది,
కొసన కాసేపు నిలబడుతుంది, దిగిపోతుంది.
దిగినప్పుడు నిద్రపో, రెండు నిమిషాలైనా సరే.
నమ్మవు గానీ, నేను గుర్రు కూడా పెట్టాను.

జూన్ నెలలో చూన్యో చేస్తాం కదా,
రాత్రి మంచుకి దుంప గడ్డకట్టాలి,
పగటి ఎండకి మెత్తబడాలి,
కాళ్ళకింద నలిగి నీరంతా వదలాలి.
మధ్యలో చూస్తే ఏమీ అయినట్టుండదు.
ఇదీ అంతే.

ఒక వేళ వస్తుంది,
"ఇంటికి పోతాను, రేపు కంటాను" అంటావు.
అందరూ అంటారు.
నన్ను తిడతావు, నీ అత్తని తిడతావు,
మేరీమాతని కూడా ఓ మాట అంటావు.
నాకు లోపల సంతోషంగా ఉంటుంది అప్పుడు,
ఆ మాట వచ్చిందంటే బిడ్డ గడప దాకా వచ్చినట్టే.

అదిగో, అనేశావు.

పట్టుకో తాడు. మోకాళ్ళు వంచి వేలాడు.
తెయోఫిలో, వెనక కూర్చో, చంకల కింద చేతులు వెయ్యి.
ఇంత ఎత్తున గాలి తక్కువే, తెలుసు.
ఉన్నదే వాడుకో.
అరు. అల్పాకాలు బెదిరితే బెదరనీ.
దొడ్డికి వచ్చినట్టుందా? రానీ.
మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే.

తల కనిపిస్తోంది. తడిసిన నల్ల ఉన్నిలా.
ఆగు. ఇప్పుడు ముక్కకు.
దీపం ఆర్పేంత ఊపిరి, అంతే.

యెసేనియా మొహం మారింది.
మెడచుట్టూ పేగు.
కడుపుతో ఉండగా కదురు తిప్పొద్దన్నానా?
తిప్పావు. సంతలో నీ నూలు చూశాను.
ఊరికే అంటున్నా, నేనూ తిప్పాను, ఐదుగురికీ.
మూడోవాడికి మాత్రం
సరే, తర్వాత చెబుతా.
వేలు దూర్చాను. స్వెటర్ విప్పినట్టు, తలమీదుగా. ఒక చుట్టు.
ఇంకొకటి.
ఇప్పుడు ముక్కు. ముక్కు తల్లీ.

ఆడపిల్ల.

ఇంకా ఏడవలేదు. ఉండు.
వీపు రుద్దుతున్నాను. ఉండు.
ఈ గడియారం చప్పుడేంటి ఇంత గట్టిగా!

ఆఁ.
అరిచింది.

ఇప్పుడు వణుకుతావు, పళ్ళు కొట్టుకుంటాయి.
చలి కాదది, భయపడకు.
పని అయిపోలేదు, మాయ పడాలి.
నీ పొట్టమీద చెయ్యి పెట్టు, ఇక్కడ. రాయిలా తగిలేదాకా రుద్దాలి.

చూడగానే ప్రేమ పొంగుతుందంటారు.
పొంగితే మంచిదే.
నాకు మొదటిసారి ఆకలేసింది.
రెండు గిన్నెల పులుసు తాగాక గానీ
వాడి మొహం చూడలేదు,
చూస్తే ఎవడో దూరపు చుట్టంలా ఉన్నాడు.
అలవాటవడానికి మూడు రోజులు పట్టింది.
ఇది గోడమీద బొమ్మల్లో లేదు.
యెసేనియా, రాసుకుంటావా? ఆ మూల చోటుంది.

తెయోఫిలో, ఏడవడం అయ్యాక పులుసు వేడిచెయ్యి.
తాడు విప్పకు.
కింది ఊరి పిల్ల మంగళవారం వస్తోంది.

రాత్రి మంచు బాగా పడింది.
దుంపలు గడ్డకట్టి ఉంటాయి.